నాన్న 60వ పుట్టినరోజు వీకెండ్, మార్కాపురం నుంచి ఆయన చిన్ననాటి ఫ్రెండ్ వస్తున్నారు, బెంగళూరులో ఏం ప్లాన్ చేయమంటారు?

హూడి_అమ్మాయి

నమస్తే అందరికీ, కొంచెం పొడుగు పోస్టు, ఓపిక ఉన్నోళ్లు చదివి సలహా చెప్పండి ప్లీజ్.

మా నాన్న బ్యాంకులో చేస్తారు, ఈ జూన్ 30కి రిటైర్మెంట్, మర్నాడు జూలై 1కి 60 నిండుతాయి. నిండుతాయి అంటే సర్టిఫికెట్ లెక్కలో. అసలు పుట్టింది కార్తీక మాసంలో అని మా నానమ్మ చెప్పేది, బళ్లో వేసేటప్పుడు హెడ్మాస్టరు గారు ఆ రోజు వచ్చిన పిల్లలందరికీ 1966 జూలై ఒకటే రాసి పారేశారంట. ఒకటో తారీకు పుట్టినోళ్లకి ముందు నెల ఆఖరి రోజే రిటైర్మెంట్ కదా, అయిదు నెలల జీతం పోగొట్టాడు మహానుభావుడు అని నాన్న ఇప్పటికీ ఆయన్ని తలుచుకుంటారు.

ఆ రోజు పక్కనే కూర్చుని అదే జూలై 1 రాయించుకున్న ఇంకొకాయన ఉన్నారు. మేం పలకల మామ అంటాం. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు చేశారు, మేం సెలవులకి ఊరెళ్తే సంచీ నిండా విరిగిన పలక ముక్కలు తెచ్చిచ్చేవారు, వాటితో ఇళ్లు కట్టుకునేవాళ్లం నేనూ అన్నయ్యా. ఇప్పుడు చిన్న స్టేషనరీ షాపు పెట్టుకున్నారు. నాన్నేమో ట్రాన్స్‌ఫర్ల మీద ఊళ్లు తిరగడం, ఆయనేమో అక్కడే ఉండిపోవడం, ఫోన్లో మాట్లాడుకోవడమే తప్ప కూర్చుని మాట్లాడుకుంది లేదు. నా పెళ్లికి వచ్చారు గానీ నాన్న వచ్చినోళ్లని పలకరిస్తా మండపం చుట్టూ తిరగడమే సరిపోయింది, మామ ఒక మూల కుర్చీలో కూర్చుని భోంచేసి సాయంత్రం బస్సుకి వెళ్లిపోయారు. అది నాన్నకి ఇంకా మనసులో ఉంది.

జూలై ఒకటి బుధవారం వచ్చింది కాబట్టి 4, 5 తేదీల్లో మా ఇంట్లో చేద్దాం అనుకున్నాం. అమ్మా నాన్నా నెల్లూరు నుంచి, అన్నయ్యా వదినా వాళ్ల చంటోడూ హైదరాబాద్ నుంచి, మేం నలుగురం, మామ. అత్త రారంట, షాపు మూసేస్తే కుదరదు, స్కూళ్లు తెరిచిన సీజన్ కదా. మాది హూడిలో టూ బెడ్రూమ్.

అన్నయ్య ప్లాన్ ఏంటంటే శనివారం సాయంత్రం వైట్‌ఫీల్డ్‌లో హాల్ తీసుకుని బంధువులూ నాన్న పాత కొలీగ్సూ కలిపి ఒక 60 మందిని పిలిచి, ఫోటోలతో వీడియో వేసి, కేక్, డిన్నర్, మర్నాడు నంది హిల్స్ వైపు ఏదో రిసార్ట్. మావారేమో మామకి పక్కనే మంచి హోటల్ రూమ్ వేద్దాం, ఇంట్లో ఇరుకు, పెద్దాయన ఇబ్బంది పడతారు అంటారు. నాన్నని అడిగితే ఒక్కటే మాట, "వాడొస్తాడా? వాడొస్తే చాలమ్మా".

అమ్మకి మోకాళ్ల నొప్పులు, మామకి షుగర్, మా పిల్లలు 9, 6 ఏళ్లు. హాలా ఇల్లా, మామని ఎక్కడ పడుకోబెట్టాలి, ఎక్కడికి తీసుకెళ్లాలి, ఏమీ తేలట్లేదు.

జయనగర్_పాతకాపు

అమ్మాయ్, ముందు రిసార్ట్ సంగతి. నంది హిల్స్ వైపు శని ఆదివారాలు పొద్దున్నే సగం బెంగళూరు అక్కడే ఉంటుంది, తెల్లారక ముందే కొండ కింద కార్లు లైను కట్టేస్తాయి, మోకాళ్ల నొప్పులావిణ్ణీ షుగర్ ఆయన్నీ నాలుగింటికి లేపి సూర్యోదయం చూపించాలా? పైగా జూలైలో పైన మబ్బు తప్ప సూర్యుడు కనపడే గ్యారంటీ లేదు.

నా లెక్క రోజుకి ఒక్కటే చోటు. శనివారం లాల్‌బాగ్. మీ హూడిలోనే మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారితే లాల్‌బాగ్ స్టేషన్, దిగితే వెస్ట్ గేట్ పక్కనే. సిల్క్ బోర్డు ట్రాఫిక్ లేదు, పార్కింగ్ గొడవ లేదు, పిల్లలకి రైలే పెద్ద సరదా. మెజెస్టిక్‌లో లైన్ మారడానికి నడకా ఎస్కలేటర్లూ ఉంటాయి, అమ్మగారిని మాత్రం లిఫ్ట్ వైపు తీసుకెళ్లండి. తోట 240 ఎకరాలు, 1760లో హైదర్ అలీ మొదలుపెట్టింది, అంతా నడవక్కర్లేదు, బ్యాటరీ బండ్లుంటాయి, అమ్మగారినీ పిల్లల్నీ అందులో ఎక్కించి గ్లాస్ హౌస్ వైపు పంపించండి. ఆ ఇద్దరు మిత్రుల్ని మాత్రం బండెక్కించొద్దు, నడవనీండి. ఫ్లవర్ షో ఆగస్టులో కాబట్టి ఆ తొక్కిసలాట కూడా ఉండదు.

లోపల కెంపెగౌడ గోపురం ఉన్న బండ ఉంది చూడండి, అది దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి రాయి, జియాలజీ వాళ్లు జాతీయ స్మారకం అని బోర్డు పెట్టారు. మీ పలకల మామ జీవితమంతా రాయితో పని చేసిన మనిషి కదా, మనం సెల్ఫీ దిగి వచ్చేస్తాం గానీ ఆయన దాన్ని చేత్తో తడిమి చూస్తారు, చూడండి కావాలంటే.

టిఫిన్‌కి మెయిన్ గేట్ వైపు బయటకొస్తే ఎంటీఆర్ దగ్గరే, 1924 నాటిది. రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యం కరువొచ్చి రవ్వతో ఇడ్లీ వేశామని వాళ్లు చెప్పుకుంటారు, ఆ రవ్వ ఇడ్లీ తినండి. వీకెండ్ లేటయితే బయట పేరు రాయించుకుని నిలబడాలి, అందుకని టిఫిన్ ముందు, తోట తర్వాత. లేదా గాంధీ బజార్ వెళ్లి విద్యార్థి భవన్, అది 1943ది, సర్వర్ చెయ్యి పొడుగునా దోసె ప్లేట్లు దొంతరగా పేర్చుకుని నడిచొస్తుంటే మీ పిల్లలు తినడం మర్చిపోతారు. రెండూ ఒకే రోజు పెట్టుకోకండి, నెయ్యికి నిద్రొస్తుంది.

గొడుగులు మర్చిపోవద్దు. ఇక్కడి జూలై వాన ఫోర్స్‌గా పడదు, అలాగని వదలదు.

కారంపొడి_గుంటూరు

నేను మాత్రం మీ అన్నయ్య పార్టీనే. అందరూ సింపుల్ సింపుల్ అని ఇప్పుడు ఫ్యాషన్ అయిపోయింది. మనిషి ఇన్నేళ్లు బ్యాంకులో ఊళ్లు మారుతూ ఉద్యోగం చేశాడు, పిల్లల్ని సెటిల్ చేశాడు, ఒక్కసారి నలుగురి మధ్య కుర్చీ వేసి కూర్చోబెట్టి శాలువా కప్పితే తప్పేంటి? "ఏం వద్దమ్మా" అనడం మన నాన్నలందరికీ అలవాటు, తీరా చేశాక ఆ వీడియో ఎదురింటోళ్లకి కూడా చూపిస్తారు. మా పెదనాన్న అలాగే వద్దు వద్దన్నాడు, ఫంక్షన్ అయ్యాక ఆల్బమ్ ఎప్పుడొస్తుంది అని రోజూ ఫోన్లే.

హాల్ తీసుకునేటట్టయితే జనరేటర్ ఉందా, లిఫ్ట్ ఉందా, బయట ఫుడ్ తెచ్చుకోనిస్తారా, ఈ మూడూ నోటిమాటగా కాకుండా వాట్సాప్‌లో రాయించుకోండి. ఒక హాలోళ్లు అడ్వాన్స్ తీసుకున్నాక కేటరింగ్ మాదే అని మెలిక పెట్టారు మాకు, పేరు ఎందుకులే. ఇంకోటి, వైట్‌ఫీల్డ్‌లో శనివారం సాయంత్రం ఏడు అని కార్డు మీద వేస్తే ఎనిమిదిన్నరకి వస్తారు జనం, షుగర్ ఉన్న పెద్దాయనకి ముందే ఏదన్నా పెట్టేయండి.

తిథి_వారం

ఒక విషయం క్లియర్ చేసుకోండి అండి, జూలైలో మీరు చేసేది పుట్టినరోజు మాత్రమే, షష్టిపూర్తి కాదు. హాలోళ్లు ప్యాకేజీలో పురోహితుణ్ణి కూడా కలిపి ఇస్తాం అంటారు, ఒప్పుకోకండి.

నాన్నగారు 1966 కార్తీకంలో పుట్టారంటే అది పరాభవ నామ సంవత్సరం. మన 60 సంవత్సరాల చక్రం తిరిగి ఈ ఉగాది, అంటే 2026 మార్చి 19 నుంచి మళ్లీ పరాభవే నడుస్తోంది. పుట్టిన సంవత్సరం పేరు, నెల, తిథి మళ్లీ వచ్చినప్పుడు 60 నిండినట్టు, అంటే మీకు ఈ నవంబర్ కార్తీకంలో పడుతుంది. అరవైలోకి అడుగు పెట్టేటప్పుడు ఉగ్రరథ శాంతి, అరవై నిండాక షష్టిపూర్తి, కొందరు రెండూ చేస్తారు కొందరు ఒక్కటే, మీ ఇంటి ఆచారం ఏదో పెద్దల్ని అడగండి. హోమం, కలశాల నీళ్లతో అభిషేకం, అమ్మగారికి మళ్లీ మంగళసూత్రధారణ, ఇదంతా పెద్ద కార్యక్రమం, దానికి చుట్టాలందరూ ఉంటేనే అందం. అన్నయ్యగారి 60 మందిని అప్పటికి దాచుకోమనండి.

తిథి తెలియకపోతే కంగారు పడొద్దు. ఆ రోజుల్లో తారీకు గుర్తుండదు గానీ నాగుల చవితి మర్నాడు, పౌర్ణమికి రెండ్రోజుల ముందు, ఇలా ఏదో ఒక పండగ పట్టుకుని గుర్తు పెట్టుకునేవాళ్లు. నానమ్మగారు లేకపోతే మీ పలకల మామ వాళ్లింట్లో పెద్దావిడ ఎవరైనా ఉన్నారేమో అడగండి, ఒకే వీధి వాళ్లైతే వాళ్లకి గుర్తుంటుంది.

నంద్యాల_బాబాయ్

నేను ఆ మామ వైపు నుంచి మాట్లాడతానమ్మా, ఎందుకంటే నేనూ అలాగే హైదరాబాద్‌లో ఉన్న నా ఫ్రెండ్ వాళ్ల పిల్లల ఇంటికి పోతుంటా.

హోటల్ రూమ్ అనే మాట ఆయన చెవిన పడనీయొద్దు. మీకు అది మర్యాద, మాకు అది "నువ్వు బయటోడివి" అని చెప్పినట్టు ఉంటుంది. హాల్లో చాప వేసినా చాలు. నన్నడిగితే మీ నాన్నకీ ఆయనకీ ఒకే గది ఇచ్చి, మీ అమ్మగారు నీ దగ్గరో పిల్లల దగ్గరో పడుకునేటట్టు చూడు. ఇద్దరు ముసలోళ్ల కబుర్లు రాత్రి లైటు తీసేశాకే మొదలవుతాయి. పగలు అందరి ముందరా పిల్లల చదువులు, బీపీ మాత్రలు తప్ప ఇంకేం మాట్లాడుకోరు.

స్టేషన్‌కి క్యాబ్ పంపించొద్దు, నాన్నే పోవాల. మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ ఫ్లాట్ నంబరేంది, ఎవరికోసం వచ్చినావు, ఫోటో తీయాల, ఓటీపీ చెప్పు అంటాడు, మాలాంటోళ్లం అక్కడే సగం చిన్నబోతాం. పక్కన ఫ్రెండు ఉంటే అది జోకు అవుతుంది, లేకపోతే అవమానం అవుతుంది. గీజరు ఎట్ల వేయాలో, ఏ పంపు తిప్పితే వేడినీళ్లో, బాత్రూమ్‌లో తీసుకపోయి చూపించు, అడగడానికి మొహమాటపడి చన్నీళ్లే పోసుకుంటారు. పొద్దున ఐదుకే లేస్తారు, మీరు ఏడున్నరకి లేస్తారు, ఆ మధ్యలో ఇద్దరూ కిందకు దిగి టీ కొట్టు ఎదుక్కునేదానికి గేటు ఎట్ల తీయాలో చెప్పి పడుకో.

పోయేటప్పుడు పిల్లల చేతిలో డబ్బులు పెడతారు. "అయ్యో వద్దు మామా" అని వెనక్కి తోయొద్దు, తీసుకో. ఆయన తెచ్చిన స్వీటు బాక్సు ఆయన ముందరే విప్పి పంచు. మైకు ఇచ్చి రెండు మాటలు మాట్లాడమని లేపొద్దు.

ఆఖరుగా ఒకటి. నీ పోస్టు అంతా చదివినా, కింద రాసినోళ్లవీ చదివినా. నాన్నకి 60, నాన్న కేకు, నాన్న వీడియో, అన్నీ ఉన్నాయి. ఆయనకీ అదే రోజు 60 కదమ్మా, నువ్వే రాసినావు. ఆయన పిల్లలు ఏమన్నా చేస్తున్నారో లేదో మనకు తెలీదు. కేకు మీద రెండు పేర్లు రాయించు, బట్టలు పెట్టేదుంటే ఇద్దరికీ ఒకే రకం పంచె, ఒకే రకం చొక్కా. ఒకరికి పట్టు ఒకరికి నూలు పెట్టేటట్టుంటే అసలు పెట్టొద్దు.

కారంపొడి_గుంటూరు

బాబాయ్ గారూ దండం. రెండు పేర్ల కేకు అయితే నా ఓటు ఇంటికే. హాల్‌లో 60 మంది ముందు రెండో ఆయన ఎవరు ఎవరు అని అడిగించుకోవడం ఆయనకి ఇబ్బంది. తిథి గారు చెప్పినట్టు హాల్ నవంబర్‌కి మార్చేయండి, అప్పుడు మాత్రం తగ్గొద్దు.

కేకు ఎగ్‌లెస్ చెప్పండి, పెద్దాయన కార్తీకం, శనివారం అని నియమాలున్న మనిషేమో ముందే కనుక్కోండి. పెద్ద పెద్ద బ్రాండ్లు అక్కర్లేదు, మీ వీధి చివర అయ్యంగార్ బేకరీ ఉంటే హనీ కేక్ చెప్పండి, దానికి మించింది బెంగళూరులో లేదు.

వంటింటి_వాటాదారు

ఇంతమంది ఇన్ని రాశారు, అమ్మగారి గురించి మోకాళ్ల నొప్పులు తప్ప ఒక్క ముక్క లేదు, చూశారా.

ఇంట్లో చేస్తే పది మందికి రెండు రోజులు కాఫీలు, టిఫిన్లు, భోజనాలు. కూతురింటికొచ్చినా అమ్మ ఊరికే కూర్చోదు, గారెల పిండి నేను రుబ్బుతా అని మొదలుపెడుతుంది, మీ వదిన మొహమాటానికి లేస్తుంది, మీరు పరిగెడతారు, మగాళ్లు హాల్లో పాత కథలు చెప్పుకుని నవ్వుకుంటారు, ఆదివారం సాయంత్రానికి అమ్మ మోకాలు వాచిపోతుంది. ఇది ఆవిడకీ పెద్ద మలుపే కదా, సోమవారం నుంచి భర్త ఇరవై నాలుగ్గంటలూ ఇంట్లోనే ఉంటాడు. ఎవరన్నా ఆవిణ్ణి ఏం కావాలి అని అడిగారా? ఆవిడ ఫ్రెండ్ ఎవరైనా బెంగళూరులో ఉన్నారా? ఉంటే ఆదివారం భోజనానికి పిలవండి. ట్రాన్స్‌ఫర్ల మీద ఆవిడ కూడా స్నేహాలు వదులుకునే తిరిగింది.

వంట విషయం సింపుల్. ఆ ఏరియాలో తెలుగు కేటరర్లు బోలెడు మంది, శనివారం రాత్రికీ ఆదివారం మధ్యాహ్నానికీ చెప్పేయండి, పది పన్నెండు మందికి కూడా ఇంటికి తెచ్చిస్తారు. పప్పు, గుత్తొంకాయ, పులిహోర, గోంగూర పచ్చడి, అలసంద వడలు, పెరుగు. షుగర్ ఆయనకి జొన్న రొట్టె విడిగా చెప్పండి, అడిగి పెడితే వద్దంటారు, అందరికీ కలిపి తెప్పించేస్తే తింటారు. భక్ష్యాలు ఇంట్లో చేయొద్దు, హోళిగె షాపుల్లో వేడివేడిగా పెనం మీద నుంచే ఇస్తారు, కొబ్బరివీ పప్పువీ కలిపి తెచ్చుకోండి. అరిటాకులు కేఆర్ మార్కెట్ దాకా వెళ్లక్కర్లేదు, మీ కూరగాయల షాపుకి ముందురోజు చెప్తే తెప్పిస్తాడు. శనివారం పొద్దున ఎలాగూ ఎంటీఆర్ అన్నారు. ఇక మిగిలింది ఆదివారం టిఫిన్ ఒక్కటే, అది మీవారినీ అన్నయ్యనీ చేయమనండి, ఉప్మా రాని మగాళ్లు ఉన్నారా ఈ రోజుల్లో.

హూడి_అమ్మాయి

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నంద్యాల బాబాయ్ గారి పోస్టు స్పీకర్ ఫోన్లో అన్నయ్యకి చదివి వినిపించా, కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "హాల్ క్యాన్సిల్ చేస్తున్నా" అన్నాడు. అడ్వాన్స్ ఇంకా కట్టలేదు లెండి. వీడియో మాత్రం వదలనంటాడు, ఇంట్లో టీవీలోనే వేస్తాడంట, మామ ఫోటోలు కూడా కావాలని అత్తకి ఫోన్ చేశాడు.

అత్త చెప్పింది వినండి. మామ అసలు పుట్టింది సంక్రాంతి రోజుల్లో అంట, అంటే నాన్న కన్నా పది నెలలు పెద్ద! సర్టిఫికెట్లో ఇద్దరూ కవలలు. పిల్లలెవరూ ఏమీ అనుకోలేదంట, వాళ్లింట్లో పుట్టినరోజులు చేసే అలవాటే లేదు. నాన్న తిథి గురించి కూడా ఆవిడే చెప్పింది, వాళ్లత్త ఎప్పుడూ "ఆ పిల్లోడు క్షీరాబ్ది ద్వాదశి నాడు పుట్టాడు, తులసికోట దగ్గర దీపాలు పెడుతుంటే కబురొచ్చింది" అనేదంట. మా నాన్నకే తెలీదు ఈ సంగతి.

అమ్మని అడిగా. ముందు "నాకేం కావాలే" అంది, రాత్రి పడుకునే ముందు మెల్లగా అంది, అనంతపురంలో ఉన్నప్పుడు పక్కింటావిడ ఇప్పుడు కొడుకు దగ్గర బెంగళూరులోనే ఉందంట, రాజాజీనగర్‌లో. పిలుస్తున్నాం. రూములు ఫిక్స్, నాన్నా మామా ఒక గదిలో, అమ్మా పిల్లలూ ఇంకో గదిలో, మేం నలుగురం పెద్దవాళ్లం, వదిన చంటోడూ హాల్లో పరుపులేసుకుని. మావారు ఉప్మా చేయడానికి ఒప్పుకున్నారు, అన్నయ్య చట్నీ.

ఆదివారం భోజనాలయ్యాక ఏం చేయాలో చెప్పండి. ఒకరు ముద్దేనహళ్లి అన్నారు, వెళ్లొచ్చా?

చిక్కబళ్లాపూర్_కోడలు

ముద్దేనహళ్లి అయితే ఆదివారం భోజనం తర్వాత కాదు, పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం భోజనానికి వచ్చేయాలి. బెంగళూరు నుంచి 60 కిలోమీటర్ల చిల్లర, మీ హూడి నుంచి దేవనహళ్లి మీదుగా రావచ్చు. ఉప్మా డ్యూటీ వాళ్లని ఆరింటికి లేపండి.

మార్కాపురం వాళ్లకి ఇది ఎందుకు చూపించాలంటే, విశ్వేశ్వరయ్యగారు పుట్టింది ముద్దేనహళ్లే గానీ ఇంటిపేరు మోక్షగుండం కదా, ఆ మోక్షగుండం మీ బేస్తవారిపేట దగ్గరి ఊరు, వాళ్ల పూర్వీకులు అక్కణ్ణుంచి వలస వచ్చినవాళ్లు. 1908లో మూసీ వరదలొచ్చాక హైదరాబాద్‌ని కాపాడే ప్లాన్ వేసింది ఆయనే, కృష్ణరాజసాగర్ వెనక ఉన్నదీ ఆయనే, 1955లో భారతరత్న. పుట్టిన ఇంటిని మ్యూజియం చేశారు, సమాధి కూడా ఆ ఊళ్లోనే. చిన్న చోటు, అమ్మగారు హాయిగా చూడొచ్చు, మెట్లూ కొండలూ లేవు. మీ మామ "ఈయన మావోడే" అని కనీసం నలుగురికి చెప్పకపోతే అడగండి.

దగ్గర్లోనే నంది గ్రామంలో భోగ నందీశ్వరుడి గుడి, 9వ శతాబ్దం నాటిది, కొండ పైన కాదు కిందే. అందరూ పైకి ఎగబడతారు, ఈ గుడి మాత్రం ప్రశాంతంగా ఉంటుంది. లోపల మెట్ల కోనేరు ఉంది, దాన్ని కల్యాణి అంటారు, రాతి స్తంభాల మీద పని చూస్తూ మీ మామ అక్కణ్ణుంచి కదలరు, టైమ్ ఎక్కువ పెట్టుకోండి. రాతి నేల కాబట్టి వానొస్తే జారుతుంది, అమ్మగారి చెయ్యి పట్టుకోండి. ఆదియోగి విగ్రహం కూడా కలుపుదాం అని ఎవరైనా అంటారు, 112 అడుగులు, చూడ్డానికి బాగుంటుంది గానీ ఆదివారం ఆ రోడ్డు ఎక్కితే మీ భోజనం సాయంత్రమే.

ఇంకో లాభం, మా వైపు షాపుల్లో తెలుగు మాట్లాడతారు. హూడిలో రెండు రోజులు హిందీ, ఇంగ్లీషు, కన్నడం విని విని ఉన్న మనిషికి ఇక్కడ టీ కొట్టు దగ్గర ప్రాణం లేచొస్తుంది.

రైల్వే_పిచ్చోడు

టికెట్ సంగతి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను. మార్కాపూర్ రోడ్ నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఉంది, నంద్యాల, గుంతకల్లు, ధర్మవరం, హిందూపురం మీదుగా. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే ఓపెన్ అవుతుంది, 2024 నవంబర్ నుంచి ఆ రూలు, ఇదివరకటిలా 120 రోజులు లేదు. జూలై 2 రాత్రికి కావాలంటే మే మొదట్లోనే చూడండి. దిగే స్టేషన్ టికెట్ మీద సరిగ్గా చూసుకోండి, బెంగళూరులో మెజెస్టిక్, యశ్వంత్‌పూర్, బైయప్పనహళ్లి టెర్మినల్ అని మూడు చోట్ల ఆగే బండ్లుంటాయి, మెజెస్టిక్ అయితే మెట్రో కిందే ఉంది, టెర్మినల్ అయితే మెట్రో స్టేషన్ దాకా ఆటో కట్టాలి.

మగవాళ్లకి 60 నిండితే లోయర్ బెర్త్ కోటా ఉంది, టికెట్ రాయితీ 2020లో తీసేశారు గానీ ఈ కోటా ఉంచారు. ఆయన ఆధార్ ప్రకారం ఒకటో తారీకుకి 60, రెండో తారీకు ప్రయాణం. ఆ హెడ్మాస్టరు గారు ఇన్నాళ్లకి ఒక ఉపకారం చేశాడు.

రిటర్న్ ఆదివారం రాత్రికి మాత్రం వేయకండి. బండి ఉన్న రోజున ఆ తరం వాళ్లు మధ్యాహ్నం నుంచే బ్యాగు కాళ్ల దగ్గర పెట్టుకుని గడియారం చూస్తూ కూర్చుంటారు, మీ ఆదివారం మొత్తం పోతుంది.

హూడి_అమ్మాయి

రానూపోనూ బుక్ చేసేశా, లోయర్ బెర్తే వచ్చింది! రిటర్న్ మంగళవారం రాత్రికి వేశా. సోమవారం మావారికీ నాకూ ఆఫీసు, పిల్లలకి స్కూలు, అన్నయ్య వాళ్లు ఆదివారమే వెళ్లిపోతారు, అమ్మ రాజాజీనగర్ ఆంటీ వాళ్లింటికి వెళ్తానంది. పగలంతా ఇంట్లో వాళ్లిద్దరే ఉంటారు. నాన్నకి ఫోన్ చేసి చెప్తే "మంగళవారమా, సరే సరే" అన్నారు, పది నిమిషాలాగి మళ్లీ చేసి, కింద టీ కొట్టు ఎన్నింటికి తెరుస్తారో కనుక్కోమన్నారు.